నూట అరవై ఎడమ చేతులు

నా చిన్నప్పుడు నాన్నా నేనూ ఒక ఆట ఆడేవాళ్ళం. నాన్న కళ్ళకు తువ్వాలు కట్టి, గది మధ్యలో నిలబెట్టి, గిరగిరా మూడు చుట్లు తిప్పి, "షెడ్డు ఎటు?" అని అడిగేదాన్ని. నాన్న ఒక్క క్షణం ఆగి వేలు చాపేవాడు. మేడ మీదకు పరిగెత్తి ఆ దిక్కున చూస్తే, ఇళ్ళ వెనక, పొడుగాటి గోడకు అవతల, నాన్న పనిచేసే కుట్టు షెడ్డు రేకుల కప్పు కనిపించేది. ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

"గోడ అవతల ఉన్న షెడ్డు తెలుస్తుంది గానీ, ముక్కు కింద ఉన్న ఉప్పు డబ్బా కనపడదు మీ నాన్నకి," అనేది అమ్మ.

నా పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు ఆ ఆట గుర్తొచ్చి మళ్ళీ అడిగాను. ఈసారి తువ్వాలు కట్టలేదు, తిప్పలేదు. మంచం మీద కూర్చున్న నాన్నని కళ్ళు మూసుకోమని, "షెడ్డు ఎటు?" అన్నాను. నాన్న చాలాసేపు ఆలోచించాడు. తర్వాత వంటింటి వైపు వేలు చాపాడు.

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

అంతకు ఏడాది ముందే నాన్న నడక మారింది. కాళ్ళు ఎడంగా వేసి, పడవలో నిలబడ్డవాడిలా ఊగుతూ నడిచేవాడు. తాగుతున్నాడని వీధిలో అనుకున్నారు. "తాగుబోతు మొగుళ్ళున్న వాళ్ళంతా వచ్చి నన్ను ఓదారుస్తున్నారు. ఏడవాలో నవ్వాలో తెలీడం లేదు," అంది అమ్మ. తర్వాత మాట ముద్దయింది. గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసును దాటి వెళ్ళేది. డాక్టరు తలకు ఫోటోలు తీయించి, వెనక భాగంలో చిన్నమెదడు కుంచించుకుపోతోందనీ, మందులతో ఆగే జబ్బు కాదనీ చెప్పాడు. నడక, మాట, చెయ్యి, ఈ మూడింటి గురించీ చెప్పాడు. దారి గురించి చెప్పలేదు.

దారి సంగతి కనిపెట్టింది నేనే. మధ్యలో ఆ గోడ అడ్డం కాబట్టి మా ఇంటి నుంచి షెడ్డుకు చుట్టూ తిరిగి వెళ్ళాలి. మందుల షాపు దగ్గర ఎడమకి, సైకిళ్ళ రిపేరు దగ్గర ఎడమకి, నీళ్ళ ట్యాంకు దగ్గర ఎడమకి. నాన్న ఒక చెయ్యి నా భుజం మీద వేసి నడిచేవాడు. ఒకరోజు రిపేరు షాపు ముందు రోడ్డు తవ్వేశారు. "ఈ సందులోంచి పోదాం నాన్నా," అన్నాను. నాన్న కదల్లేదు. నా భుజం మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఈ సందు ఎటు తేలుతుంది?"

నేను పుట్టకముందు నుంచీ ఆ వీధుల్లోనే తిరుగుతున్న మనిషి అడిగిన ప్రశ్న అది. ట్యాంకు దగ్గర తేలుతుందని చెప్పాను. "అయితే ట్యాంకు దగ్గర ఎటు తిరగాలి? మామూలుగా అయితే ఎడమకి. ఇటునుంచి వస్తే?" అన్నాడు. నేను జవాబు చెప్పినా ఆయన మొహం తేటపడలేదు. చెప్పిన మాట వినపడుతోంది గానీ, ఆ మాట లోపల బొమ్మగా మారడం లేదు.

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నోటితో అడిగే ధైర్యం లేక, చీటీ మీద రాసి బల్ల మీద పెట్టాను. 'దారి కూడా పోతుందా?' డాక్టరు చదివి అద్దాలు తీశాడు. చిన్నమెదడు కాళ్ళూ చేతుల్నే కాదు, దిక్కుల్ని పట్టుకోవడంలోనూ సాయపడుతుందట. వస్తువును మనసులో తిప్పి చూడటం, వచ్చిన దారిని వెనక్కి తిప్పి తలుచుకోవడం కొందరికి కష్టమవుతాయట. అందరికీ ఒకేలా ఉండదట. "ఆయన ఏం పని చేస్తారు?" అని అడిగాడు. అమ్మ చెప్పింది.

నాన్న కటింగ్ మాస్టరు.

పొడుగాటి బల్ల మీద బట్టను పొరలు పొరలుగా పరుస్తారు. పై పొర మీద చొక్కా ముక్కల ఆకారంలో కోసిన అట్టలు పేర్చి, చుట్టూ సుద్దతో గీస్తారు. ఆ గీత వెంట కోత మిషను పోతే ఎనభై పొరలూ ఒకేసారి తెగుతాయి. చెయ్యి వణకడం మొదలయ్యాక మిషనును వేరే ఆయనకి ఇచ్చేసి, నాన్నని అట్టలు పేర్చడానికే ఉంచారు. గీత కాస్త వంకరపోతే సుద్ద తుడిచి మళ్ళీ గీయొచ్చు. కానీ అట్టల్ని నాన్న పేర్చినట్టు ఇంకెవరూ పేర్చలేరని అందరూ ఒప్పుకునేవాళ్ళు. మాస్టారు పేరిస్తే రెండు అట్టల మధ్య చీమ దూరదనేవాళ్ళు. ఆ బల్ల పోతే నాన్నకి ఇంకేమీ మిగలదని అమ్మకి తెలుసు, నాకు తెలుసు. అందుకే సెలవుల్లో కోసిన ముక్కలకు కట్టలు కట్టే పనికి నన్ను షెడ్డులో చేర్పించారు. పైకి చెప్పిన కారణం నాకు పని నేర్పడం. అసలు కారణం నాన్న పక్కన ఒక మనిషి ఉండటం.

మొదటి వారంలోనే తెలిసింది. అట్టను ఏ వైపు పైకి పెట్టాలో నాన్నకి అర్థం కావడం లేదు. చొక్కా చేతి అట్టకు ముందు వంపు లోతుగా, వెనక వంపు తేలిగ్గా ఉంటుంది. బోర్లిస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యి అవుతుంది. ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఇప్పుడు అట్టను పట్టుకుని తన చేతికే కొలిచి చూసుకుంటున్నాడు. చూసుకుని కూడా తేల్చుకోలేకపోతున్నాడు.

మా షెడ్డులో బట్ట ఎప్పుడూ మొహానికి మొహం వేసి పరుస్తారు. ఒక పొర మంచివైపు, అంటే తొడుక్కుంటే బయటికి కనపడే వైపు, పైకి ఉంటే దాని మీద పొర మంచివైపు కిందకి. అప్పుడు అట్టను తిప్పే పనే ఉండదు. ఒకే గీతకు ఒక పొరలో ఎడమ చెయ్యి, మరో పొరలో కుడి చెయ్యి వాటంతట అవే వస్తాయి. అన్ని అట్టలూ ఒకే వైపు పైకి ఉంటే చాలు. అది చూసి నాకు ఒక ఆలోచన వచ్చింది. మేకుకు తగిలించడానికి ప్రతి అట్టకూ ఒక చిల్లు ఉంటుంది. ఆ చిల్లుల్లో నీలం దారం ముడులు వేశాను, ముడి మొహం వైపే కనపడేలా.

"ఇంక ఆలోచించకు నాన్నా. ముడి ఎప్పుడూ పైకే," అన్నాను.

"ముడి ఎప్పుడూ పైకే," అన్నాడు నాన్న, పాఠం అప్పజెప్పినట్టు. తర్వాత నవ్వాడు. "పెద్ద కటింగ్ మాస్టరువి నువ్వు చిట్టీ. నేను నీ దగ్గర కూలీని."

ముడి కాక ఇంకొకటి కూడా ఉండేది. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలో నాన్న తడుముకుంటుంటే నేను కట్టలు కడుతూ ఓరకంట చూసేదాన్ని. తప్పుగా పెడితే ఒక్కసారి దగ్గేదాన్ని. నాన్న అట్ట తీసి మళ్ళీ పెట్టేవాడు. దగ్గకపోతే సరిగ్గా ఉన్నట్టు. నోరు విప్పి మాట్లాడాల్సి వస్తే ఆ పని నా వల్ల అయ్యేది కాదు. షెడ్డులో నన్ను 'పిల్లి' అని పిలిచేవాళ్ళు, వచ్చిన చప్పుడు గానీ పోయిన చప్పుడు గానీ ఉండదని.

"పిల్లికి మాటలు రావు గానీ దగ్గు మాత్రం దంచేస్తోంది," అంది పొరల అత్త ఒకరోజు. బట్ట పరిచే పని ఆవిడది కాబట్టి ఆ పేరు. బల్లకు ఈ చివర నుంచి ఆ చివరకు రోజంతా నడుస్తూనే ఉండేది. "నేను ఈ బల్ల చుట్టూ నడిచిన నడక వరసగా నడిచుంటే ఈపాటికి సముద్రం దాటి అవతల తేలేదాన్ని," అనేది. నాన్నని అన్నయ్యా అని పిలిచేది. మర్నాడు ఆవిడ నా చేతిలో దగ్గు మందు సీసా పెట్టింది. "మూడు పూటలా తాగు. మీ అమ్మకి చెప్పకు, ఆవిడ కంగారు పడుతుంది."

లేని దగ్గుకి మందు మూడు పూటలా తాగాను. తియ్యగా, వెగటుగా ఉండేది. పారబోయడానికి మనసొప్పలేదు.

రెండు నెలలు అలాగే గడిచాయి. నాన్న చేత ఒక్క తప్పూ జరగలేదు. ఇంటికి వచ్చేటప్పుడు నా భుజం పట్టుకుని వచ్చేవాడు. షెడ్డుకు వెళ్ళే దారిని మాత్రం ఒక వరసలా నేర్పాను. మందుల షాపు ఎడమ, రిపేరు ఎడమ, ట్యాంకు ఎడమ. "మూడూ ఎడమే. గుర్తుపెట్టుకోవడానికి కష్టమే లేదు," అని మురిసిపోయాం. రెండు మూడుసార్లు నాన్న నా ముందు నడిచి, తానే దారి చూపించాడు. ఆ రోజుల్లో అమ్మ వంట చేస్తూ కూనిరాగాలు తీసేది.

ఆ తర్వాత కాపలావాళ్ళ చలికోట్ల పని వచ్చింది. వాటి అట్టలకూ నీలం ముడులు వేశాను. దళసరి బట్ట, ఒక వైపు నూగు ఉంటుంది. చెయ్యి కిందకి రాస్తే మెత్తగా, పైకి రాస్తే గరుగ్గా తగిలేది. ఆ ఉదయం దారం ఉండల కోసం స్టోరు గదికి వెళ్తుంటే గేటు దగ్గర సూపర్‌వైజరు పొరల అత్తతో చెప్తున్న మాట విన్నాను.

"దీన్ని మొహానికి మొహం వెయ్యకు. నూగు ఎదురు తిరుగుతుంది. అన్ని పొరలూ మంచివైపు పైకే."

"సరే సారూ."

విన్నాను, అంతే. నా తలలో దారం ఉండలు ఎన్ని తేవాలన్న లెక్కే ఉంది. తిరిగొచ్చేసరికి అత్త పొరలు పరచడం ముగించి నాన్నతో, "అన్నయ్యా, అన్నీ మంచివైపు పైకే వేశాను. చూసి గియ్యి," అంటోంది. నాన్న, "ఆ, ఆ," అన్నాడు. తర్వాత ఎప్పట్లాగే పేర్చాడు. చేతి అట్ట ఒకసారి పెట్టి గీశాడు. జరిపి మళ్ళీ పెట్టి గీశాడు. రెండుసార్లూ నీలం ముడి పైకే ఉంది. నేను చూశాను. ముడి పైకి ఉందా లేదా అన్నదే చూశాను. దగ్గలేదు.

పొరలన్నీ ఒకే వైపు పైకి ఉన్నప్పుడు రెండో చెయ్యి గీయడానికి అట్టను బోర్లించాలి. ఆ సంగతి తెలియాల్సింది నాకు. నేను పెట్టిన నియమం నన్నే గుడ్డిదాన్ని చేసింది.

మధ్యాహ్నం కుట్టేవాళ్ళలో ఒకామె మొదటి కోటు ఎత్తి పట్టుకుంది. రెండు చేతులూ ఒకే పక్కకి వంగి ఉన్నాయి. నవ్వింది. ఇంకో జత తీసింది. మరో కట్ట విప్పింది. నవ్వడం ఆపేసింది. ఎనభై పొరలు, పొరకు రెండు చేతులు. నూట అరవై ఎడమ చేతులు. ముందు భాగాలూ అలాగే ఉన్నాయి. ఒక్క కుడి ముక్క కూడా లేదు.

మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. సూపర్‌వైజరు వచ్చాడు. ముక్కల్ని చూసి నేరుగా పొరల అత్త వైపు తిరిగాడు.

"మొహానికి మొహం వెయ్యలేదా?"

"మీరే కదా సారూ వద్దన్నారు! పొద్దున గేటు దగ్గర చెప్పారు, అన్నీ పైకే వెయ్యమని."

"నేనా? ఎప్పుడు? నేను వంద మాటలు చెప్తా, నువ్వు నీకు కావలసింది వింటావు."

"నా పిల్లల మీదొట్టు సారూ."

"ఒట్లు పెడితే ముక్కలు అతుక్కోవు. మాస్టారు నా కంటే ముందు నుంచీ ఉన్నారు ఇక్కడ. ఒక్క అట్ట తప్పు పెట్టారా ఎప్పుడైనా? రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

నాన్న బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఏం జరిగిందో ఆయనకి అర్థం కాలేదని నాకు తెలుస్తోంది. ముడి పైకే పెట్టాడు. తప్పు చేయలేదనే నమ్ముతున్నాడు. "పోనియ్యండి సారూ," అన్నాడు ముద్ద మాటలతో. "పొరపాటు... ఎవరికైనా..."

ఆ జాలి మాటకే అత్త భగ్గుమంది.

"పొరపాటు నాదా? బట్ట నేను పైకే వేశాను, ఆ సంగతి ఆయనకీ చెప్పాను. రెండో చేతికి అట్ట తిప్పాలని గీసే మనిషికి తెలియదా?" ఆవిడ సూపర్‌వైజరుకి ఎదురుగా వచ్చి నిలబడింది. "నేనూ చూస్తున్నాను సారూ, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. మాస్టారు చేతిలో అట్ట పెట్టండి. అది ఏ చెయ్యో చెప్పమనండి. చెప్తే నేను మాట్లాడకుండా పోతాను."

అన్నయ్యా అనలేదు. మాస్టారు అంది.

"అదేం మాట! చంటిపిల్లాణ్ణి అడిగినట్టా?" అన్నాడు సూపర్‌వైజరు. కానీ షెడ్డంతా చూస్తోంది. మేకుకు ఉన్న పాత చొక్కా చేతి అట్ట ఒకటి తీశాడు, ముడి లేనిది. నాన్నకి అందించాడు. "మాస్టారూ, ఏమనుకోకండి. ఈవిడ నోరు మూయించడానికి. మంచివైపు పైకుంటే, ఇది ఎడమా కుడా?"

నాన్న అట్టను చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చిల్లులో వేలు పెట్టి తడిమాడు, ముడి కోసం. తన మోచేతి పక్కన ఆనించుకున్నాడు. చెయ్యి వణికి అట్ట జారింది, పట్టుకున్నాడు. తర్వాత తలెత్తి చూశాడు. సూపర్‌వైజరు వైపు కాదు. కట్టల మధ్య నిలబడ్డ నా వైపు.

"కుడి," అన్నాడు.

అది ఎడమ.

నాన్న నా దగ్గు కోసం ఆగాడు. ఆ ఆగడం నాకు మాత్రమే తెలుసు. మిగతా వాళ్ళకి జబ్బు మనిషి నిదానంలా కనిపించి ఉంటుంది. ఒక్క దగ్గు చాలు. "కాదు కాదు, ఎడమ," అంటాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పొరల అత్త పైట చెంగు భుజం మీదకి లాక్కుని వెళ్ళిపోతుంది. ఆవిడ నా వైపు చూడటం లేదు. ముక్కల కుప్ప వైపు చూస్తోంది. ఆవిడ ఇచ్చిన సీసా నా సంచిలో ఉంది, అడుగున ఇంకా రెండు చెంచాలు మిగిలి.

గొంతులో దగ్గు వచ్చి కూర్చుంది. నేను పెదాలు బిగించాను.

నాన్న మొహం విచ్చుకుంది. దగ్గు లేదంటే సరిగ్గా చెప్పినట్టే కదా. ఈసారి గట్టిగా, ధీమాగా అన్నాడు. "కుడే సారూ. అనుమానమే లేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కోత మిషను ఆయన తల దించుకున్నాడు. సూపర్‌వైజరు నాన్న చేతిలోంచి అట్టను మెల్లగా తీసుకుని మేకుకు తగిలించాడు.

"ఇంటికెళ్ళండి మాస్టారూ. విశ్రాంతి తీసుకోండి. రేపు... రేపు కూడా తీసుకోండి."

అప్పటికి నాన్నకి తెలిసింది. ఎవరి వైపూ చూడకుండా, బల్ల అంచు వెంట చెయ్యి జారుస్తూ బల్ల చివరి దాకా నడిచాడు. అక్కడ బల్ల అయిపోయింది. చెయ్యి కాసేపు గాలిలో ఉండిపోయింది. తర్వాత తలుపు దాటి వెళ్ళాడు. నేను వెంట వెళ్ళబోతే సూపర్‌వైజరు, "నువ్వెక్కడికి? ఈ ముక్కలన్నీ విడదీసి కట్టలు కట్టు," అన్నాడు. "మా నాన్నకి దారి తెలియదు" అన్న నాలుగు మాటలు నా నోట రాలేదు. ఆ రోజు రాని మాటల్లో అవి రెండోవి. గేటు దగ్గర సూపర్‌వైజరు చెప్పింది నేనూ విన్నానన్నవి మొదటివి.

సాయంత్రం ఇంటికి పరిగెత్తాను. గుమ్మంలో అమ్మ. "నాన్న ఏరీ?" అంది.

మందుల షాపు దగ్గర లేడు. రిపేరు షాపాయన చూడలేదన్నాడు. ట్యాంకు కింద లేడు. అమ్మ ఒక వైపు, నేను ఒక వైపు వెతికాం. ఎంత వెతికినా నాన్న ఇంటి వైపు వచ్చిన జాడే లేదు. అప్పుడు ఆగి ఆలోచించాను. నాన్నకి వచ్చిన వరస ఒక్కటే. మూడూ ఎడమ. అది షెడ్డుకు వచ్చే దారి. ఇంటికి వెళ్ళే దారి ఆయనకి నేనెప్పుడూ నేర్పలేదు. అక్కరలేదనుకున్నాను. నా భుజం ఉంది కదా అనుకున్నాను.

షెడ్డు గేటు దగ్గరికి వెళ్ళి ఎడమకి తిరిగాను. మూలన మళ్ళీ ఎడమకి. మళ్ళీ ఎడమకి. షెడ్డు వెనక, ఆ పొడుగాటి గోడను ఆనుకుని నాన్న కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు గీసుకుపోయి రక్తం ఎండిపోయింది. ఒక చెప్పు లేదు. ఆ గోడకు అవతలే మా ఇల్లు. మేడ మీద అమ్మ బట్టలు ఆరేసిన తీగ అక్కణ్ణుంచి కనపడుతోంది.

"ఎడమకే తిరిగానమ్మా," అన్నాడు. "ఎన్నిసార్లు తిరిగినా ఇక్కడికే వస్తోంది."

లేపి నిలబెట్టాను. చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను. అంత బరువు మునుపెన్నడూ తెలియలేదు. ట్యాంకు దగ్గర కుడికి తిరిగాం. రిపేరు షాపు మూసేశారు. మందుల షాపు దీపాలు కనపడుతుండగా నాన్న ఆగాడు.

"చిట్టీ. ఇవాళ నీకు దగ్గు రాలేదా?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. కోపం లేదు. తెలుసుకోవాలని అడిగాడు, అంతే.

"వచ్చింది నాన్నా," అన్నాను.

నాన్న తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు, జబ్బు వల్లో మరి దేనివల్లో. తర్వాత నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. తీసి, ఒక్కడే రెండడుగులు ముందుకు వేసి, మందుల షాపు మూలన నిలబడి, ఎటు తిరగాలో తెలియక అక్కడే ఆగిపోయాడు. నేను వెనకే నిలబడ్డాను. పిలిచేదాకా దగ్గరికి వెళ్ళలేదు. ఆయన పిలవడానికి చాలాసేపు పట్టింది.

పొరల అత్తని పనిలోంచి తీసెయ్యలేదు. నాకు మళ్ళీ ఆ షెడ్డు ముందు నుంచి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు నాన్న మంచం దిగి స్నానాల గదికి వెళ్ళడానికి గోడ వెంట ఒక తాడు కట్టాం. నీలం రంగుది దొరికింది గానీ, అమ్మ అది వద్దని తెల్లది కొంది.